వానాకాలంలో ఇద్దరే, కారులో: వాయి వైపా, మడికేరి వైపా, కూనూరు వైపా?

మహారాష్ట్రలోని మహాబలేశ్వర్‌లో ఆర్థర్స్ సీట్ అనే వ్యూ పాయింట్ దగ్గర మేమిద్దరం ఒకే గొడుగు కింద ఇరవై నిమిషాలు నిలబడ్డాం. లోయ పేరు రాసిన బోర్డు కనిపించింది గానీ లోయ కనిపించలేదు. రెయిలింగు అవతల అంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న కుర్రాడు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నాడు. మా ఆయన బూట్లోంచి నీళ్లు వంపుకుంటూ, "దీనికోసమా ఆరు వందల కిలోమీటర్లు వచ్చింది?" అన్నారు.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు కొండ దిగి, వాయి ఊళ్లో కృష్ణ ఒడ్డున కూర్చున్నాక దొరికింది. ఆ తర్వాత మరో రెండు వానాకాలాల్లో కర్ణాటక కొడగులోని మడికేరి, తమిళనాడు నీలగిరుల్లోని కూనూరు కూడా ఇలాగే కారులో చుట్టి వచ్చాం. హైదరాబాద్ నుంచి ఇద్దరే బయల్దేరి, వానలో పాత కొండ ఊళ్లు చూడాలనుకునేవాళ్లకు ఈ మూడింట్లో ఏది నప్పుతుందో చెబుతాను. ముగ్గురు నలుగురు స్నేహితుల్తో వెళ్లేవాళ్లకు, పిల్లల్ని వెంటేసుకెళ్లేవాళ్లకు ఈ లెక్కలు వేరు.

మేం నేర్చుకున్నది ఏమిటంటే, వానాకాలంలో కొండ ఊరిని వ్యూ పాయింట్లతో కొలవకూడదు. మబ్బు కమ్మేసి లోయ మాయమైతే ఆ ఊళ్లో చూడ్డానికి ఇంకా ఏం మిగులుతుందో అడగాలి. గుడి, కోట, చర్చి, నది రేవు, బజారు, కూర్చోడానికి ఓ వరండా, వేడిగా పెట్టే భోజనం, ఇవేవీ మబ్బుతో పోవు. ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఎక్కిన ఘాట్ రోడ్డు మూసేస్తే దిగడానికి రెండో దారి ఉందా? ఈ రెండింటికీ మంచి జవాబున్న ఊరు దొరికితే, ఇక ఎంత వాన పడినా టెన్షన్ ఉండదు.

ముందు వాన లెక్క

మూడు చోట్లా వాన ఒకటే తీరున పడదు. మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5,500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. హైదరాబాద్‌కు ఏడాదంతా పడేదానికి రెండింతల పైన అక్కడ ఒక్క జులైలోనే పడిపోతుంది. 2021 జులైలో అయితే 24 గంటల్లో 594 మిల్లీమీటర్లు పడింది, ప్రతాప్‌గఢ్ వైపు దిగే అంబేనళి ఘాట్ చాలా చోట్ల కొట్టుకుపోయింది. మడికేరికి ఏడాదికి 3,000 పైచిలుకు. కూనూరు పక్కనున్న ఊటీకి 1,200 దరిదాపుల్లో.

అంటే మహాబలేశ్వర్‌ను కొట్టేయాలా? అక్కర్లేదు. అక్కడే ఒక గమ్మత్తుంది. పడమటి గాలి తెచ్చిన మబ్బు కొండ అంచుకి తగిలి, మోసుకొచ్చిందంతా మహాబలేశ్వర్ మీద కుమ్మరించేస్తుంది. తూర్పుగా 19 కిలోమీటర్లు వచ్చి పంచ్‌గని చేరేసరికి వాన మూడో వంతుకు తగ్గిపోతుంది. ఇంకో 12 కిలోమీటర్లు ఘాట్ దిగి వాయికి వస్తే అది మన ఊరి వానలాగే ఉంటుంది. గంట ప్రయాణంలో మూడు రకాల వానలన్నమాట. బస ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

నీలగిరుల్లో లెక్క తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన పడమటి వైపు, అంటే గూడలూరు, అవలాంచీ వైపు దంచుతుంది. 2019 ఆగస్టులో అవలాంచీలో ఒక్క రోజే 800 మిల్లీమీటర్లు దాటింది. దొడ్డబెట్ట కొండ అడ్డుగా నిలబడటంతో అవతల ఉన్న కూనూరు, కోటగిరి అప్పుడు సన్నటి తుంపర్లతో సరిపెట్టుకుంటాయి. వాటి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. మేట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కే ఘాట్‌లో కొండచరియలు ఎక్కువగా విరిగిపడేది కూడా అప్పుడే.

కాబట్టి మీకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో చూసుకోండి. దసరాకి గానీ దీపావళికి గానీ దొరికితే కూనూరు సంగతి మర్చిపోయి మిగతా రెండింట్లో ఒకటి ఎంచుకోవచ్చు.

వాయి, పంచ్‌గని, మహాబలేశ్వర్: నాలుగు రోజులు చాలు

మూడింట్లో దగ్గరిది ఇదే. జహీరాబాద్, హుమ్నాబాద్, సోలాపూర్ మీదుగా వెళ్లి, పండరిపురం, ఫల్టణ్ దాటి వాయి చేరాలి. పొద్దున్నే ఐదింటికి బయల్దేరితే చీకటి పడేలోపు చేరుకుంటారు. దారిలో ఆగకుండా పోతే మాత్రం మీరు నష్టపోయినట్టే.

సోలాపూర్ ఇంకో నలభై, యాభై కిలోమీటర్లు ఉందనగా హైవే పక్కనే నల్దుర్గ్ కోట వస్తుంది. ఒకప్పుడు మన నిజాం రాజ్యంలోదే. బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్‌షా హయాంలో బోరి నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, ఆ కట్ట గోడ లోపలే పానీ మహల్ అని ఒక గది కట్టించారు. నది నిండినప్పుడు నీళ్లు కట్ట మీదుగా రెండు ధారలుగా దూకుతాయి. వాటిని నర, మాది అంటారు, మగ ధార, ఆడ ధార అని. లోపలి గదిలో కూర్చుంటే కళ్ల ముందు నీటి తెర, ఒంటి మీద మాత్రం చుక్క పడదు. నది నిండకపోతే ధారలుండవు, ఎండాకాలంలో వెళ్లినవాళ్లు చూసేది ఉత్త రాతి గోడ. వానాకాలంలో పోతే దొరికే లాభం అంటే ఇదీ.

సోలాపూర్లో భోజనానికి ఆగండి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా స్థిరపడ్డారు, బజార్లో తెలుగు చెవిన పడుతుంది. మేం చద్దర్లు చూస్తూ మాలో మేం బేరం ఎంత ఆడాలో మాట్లాడుకుంటుంటే, కొట్టు పెద్దాయన "అంత తక్కువకు రాదమ్మా" అని తెలుగులో అన్నాడు. సిగ్గుపడి రెండు చద్దర్లు కొన్నాం. ఆ రాత్రి అవే మమ్మల్ని కాపాడాయి. శేంగా చట్నీ పొడి, అంటే వేరుశనగ పొడి కూడా కొనుక్కోండి, దారిలో జొన్నరొట్టెకు, చివరికి బ్రెడ్డుకు కూడా పనికొస్తుంది.

ఈ దారికి ఒక హెచ్చరిక ఉంది. మన తొలి ఏకాదశే వాళ్ల ఆషాఢీ ఏకాదశి. దానికి ముందు రెండు మూడు వారాలు ఆళంది, దేహూల నుంచి పల్లకీలతో లక్షల మంది వార్కరీలు, అంటే విఠలుడి భక్తులు, పండరిపురానికి నడిచి వస్తారు. లోణంద్, ఫల్టణ్, నాతేపుతే, మాళ్‌శిరస్, సరిగ్గా మనం వెళ్లే రోడ్డే వాళ్లది. బళ్లను మళ్లిస్తారు, కొన్ని చోట్ల గంటల తరబడి ఆపేస్తారు. ఆ నడకను చూడాలనుకుంటే అంతకంటే మంచి సమయం లేదు, త్వరగా చేరాలనుకుంటే మాత్రం ఏకాదశి వెళ్లాక నాలుగు రోజులాగి బయల్దేరండి.

మొదటిసారి మేం చేసిన తప్పు బస మహాబలేశ్వర్లో పెట్టుకోవడం. వానాకాలంలో అక్కడ గదుల ధరలు బాగా పడిపోతాయి, ఆశపడ్డాం. గదిలోకి అడుగుపెట్టగానే తడి గోనెసంచి వాసన. దుప్పటి మీద చెయ్యి వేస్తే చల్లగా అంటుకుంది. దిండు తిప్పి చూస్తే బూజు మచ్చలు. గది మార్చమంటే, "అన్నీ ఇంతే మేడమ్, జులై కదా" అన్నాడు రిసెప్షన్లో అబ్బాయి, దాపరికం లేకుండా. సోలాపూర్ చద్దర్లు ఒకటి కింద, ఒకటి పైన వేసుకుని పడుకున్నాం. నిజానికి తప్పు ఆ ఊరిది కాదు. సర్ జాన్ మాల్కమ్ బొంబాయి గవర్నరుగా ఉండగా 1828-29 ప్రాంతంలో బ్రిటిష్‌వాళ్లు ఆ ఊరిని ఆరోగ్య నివాసంగా వాడుకోవడం మొదలుపెట్టినప్పుడు కూడా, జూన్ మధ్యకల్లా మూటా ముల్లె సర్దుకుని దిగిపోయేవాళ్లు. ఇళ్లను వాన కొట్టే వైపు గడ్డి తడికలతో కప్పి ఉంచేవాళ్లు. ఇప్పుడు గడ్డి బదులు రేకులు, ప్లాస్టిక్ పట్టాలు కనిపిస్తాయి. వాళ్లే ఉండలేని నెలలో మనం డిస్కౌంట్ చూసి వెళ్లామన్నమాట.

బస పంచ్‌గనిలో పెట్టుకోండి, లేదా ఏకంగా వాయిలోనే. మహాబలేశ్వర్‌కు ఒక్క పూట వెళ్లి రండి, అదీ పాత మహాబలేశ్వర్‌కు. బజారు నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో పంచగంగ గుడి ఉంది. కృష్ణ, వెణ్ణ, కోయన, సావిత్రి, గాయత్రి, ఈ ఐదు నదుల పుట్టుక అక్కడే అంటారు. నల్లరాతి గుడి, లోపల నేలంతా తడి, రాతి ఆవు నోట్లోంచి చెయ్యంత లావు ధార పడుతోంది. నేను విజయవాడలో పెరిగిన దాన్ని. పుష్కరాలకు, కార్తీక స్నానాలకు, బ్యారేజీ గేట్లెత్తారంటే చూడ్డానికి పరిగెత్తిన నది అది. దాన్ని రెండు దోసిళ్లతో ఆపగలిగేంత చిన్నగా చూడటం తమాషాగా అనిపించింది. దాని పక్కనే కాస్త నడిస్తే కృష్ణాబాయి గుడి ఉంది, నాచు పట్టి, మనుషుల్లేకుండా. చాలామంది దాన్ని వదిలేసి పోతారు. మీరు వదలొద్దు.

ప్రతాప్‌గఢ్ కోట ఇక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. 1656లో శివాజీ కట్టించిన కోట, 1659 నవంబర్ 10న బీజాపూర్ సేనాని అఫ్జల్‌ఖాన్‌ను ఆయన ఎదుర్కొన్నది దీని పాదాల దగ్గరే. చూడాల్సిన కోటే గానీ, అంబేనళి ఘాట్ సంగతి చెప్పాను కదా. వాన గట్టిగా ఉన్న రోజు దాని జోలికి పోకండి.

ఇక వాయి. అసలు ఈ ట్రిప్పంతా వాయి కోసమే అనుకోవచ్చు. ఊరంతా కృష్ణ ఒడ్డున రాతి మెట్ల రేవులు, పేష్వాల కాలపు గుళ్లు, వాడాలనే పెద్ద పెద్ద పాత ఇళ్లు. గణపతి ఘాట్‌లో ఢోల్యా గణపతి గుడి 1762లో రాస్తే అనే ఇంటిపేరున్న వంశంవాళ్లు కట్టించింది. ఆ గుడి వెనక గోడ చేప ఆకారంలో కోసుగా ఉంటుంది, వరద వచ్చినప్పుడు నీళ్లు దానికి తగిలి రెండు పాయలుగా చీలిపోవడానికి. ఎండాకాలంలో చూస్తే ఈ గోడ ఇలా ఎందుకుందో అర్థం కాదు. మేం వెళ్లిన రోజు నది మట్టిరంగులో ఉరుకుతోంది, నీళ్లు ఆ కోసు దగ్గర విడిపోయి రెండు వైపులా జారిపోతున్నాయి. రెండు వందల అరవై ఏళ్లుగా ఆ గోడ చేస్తున్న పని కళ్ల ముందు జరుగుతోంది. మా ఆయన సివిల్ ఇంజినీరు, అక్కణ్ణుంచి లాక్కొచ్చేసరికి నా తాతలు దిగొచ్చారు.

మూడు కిలోమీటర్ల దూరంలో మేణవలి. పేష్వాల మంత్రి నానా ఫడ్నవీస్ వాడా, దాని వెనక నెలవంకలా వంగిన మెట్ల రేవు. రేవు దగ్గర చిన్న గుడిలో పెద్ద కంచు గంట వేలాడుతుంది. దాని మీద బాల యేసును ఎత్తుకున్న మరియమ్మ బొమ్మ, 1707 అనే అంకె ఉంటాయి. 1739లో పేష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా పోర్చుగీసుల నుంచి వసయి కోట గెలిచినప్పుడు మరాఠాలు తెచ్చుకున్న చర్చి గంటల్లో ఒకటి. శివుడి గుడి పక్కన మరియమ్మ గంట. వాన పడుతుంటే దాని కింద మేమిద్దరం, ఒక మేకల కాపరి, మూడు మేకలు తలదాచుకున్నాం.

సెప్టెంబర్లో వెళ్లేవాళ్లకు సాతారా దగ్గర కాస్ పీఠభూమి పూలు అదనం. ముందే ఆన్‌లైన్లో టికెట్ తీసుకోవాలి, శని ఆదివారాలు తప్పించాలి. స్ట్రాబెర్రీల మీద ఆశలు పెట్టుకోకండి, వాటి కాలం చలికాలం. వానాకాలంలో దొరికేది జామ్, క్రష్ మాత్రమే.

మడికేరి: తిరగడానికి తక్కువ, ఉండటానికి ఎక్కువ

హైదరాబాద్ నుంచి 800 కిలోమీటర్ల పైమాటే. ఒక్క రోజులో చేరాలని చూడకండి. కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు హైవే పట్టుకుని, కొడికొండ దగ్గర కాస్త పక్కకు తిరిగి లేపాక్షి చూసుకుని, మొదటి రాత్రి బెంగళూరులో గానీ మైసూరులో గానీ ఆగాలి. మర్నాడు శ్రీరంగపట్నం, హుణసూరు, కుశాలనగర్ మీదుగా మధ్యాహ్నానికి మడికేరి. రానుపోను నాలుగు రోజులు రోడ్డుకే పోతాయి కాబట్టి ఆరు రోజుల సెలవు లేకపోతే ఇటు రావద్దనే చెబుతాను.

ఊళ్లో చూసేవి ఒక్క పూటలో అయిపోతాయి. పదిహేడో శతాబ్దంలో కొడగు రాజు ముద్దురాజా మట్టితో కట్టిన కోటను టిప్పు సుల్తాన్ రాతితో తిరగకట్టాడు. లోపలి రాజభవనం 1812-14 మధ్య లింగరాజేంద్ర కట్టించినది. కోటలోనే ఒక పాత ఆంగ్లికన్ చర్చి ఉంది, ఇప్పుడది మ్యూజియం. ఆవరణలో నిలువెత్తు ఏనుగు బొమ్మలు రెండు, వానలో తడిసి అచ్చం నిజమైనవాటిలా నల్లగా మెరుస్తుంటాయి. 1820 నాటి ఓంకారేశ్వర ఆలయం మధ్యలో గుమ్మటం, నాలుగు మూలలా మినార్లతో ఉంటుంది. దూరం నుంచి చూసి మా ఆయన దాన్ని దర్గా అనుకున్నారు. ముందున్న కోనేటి గట్టున కూర్చుని వాన చినుకులు చూడ్డం అక్కడ ఉచితంగా దొరికే వినోదం.

ఇంతకూ మడికేరికి వెళ్లాల్సింది ఇవి చూడ్డానికని కాదు. కాఫీ తోటలో ఒక హోమ్‌స్టే తీసుకుని, పెంకుటింటి వరండాలో కూర్చుని, ఏ పనీ చేయకుండా రెండు రోజులు ఉండటానికి. ఏమీ చేయకుండా కూర్చోవడం మీ ఇద్దర్లో ఒకరికైనా చేతకాకపోతే ఈ దారి మీకు వద్దు. ఇది సరదాకి చెప్పడం లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మా ఆయన వరండాలో పచార్లు చేస్తూ, ఇంటివాళ్ల గట్టర్ పైపు ఎక్కడ లీకవుతోందో కనిపెట్టి, నిచ్చెన అడిగారు.

జులై, ఆగస్టుల్లో వెళ్తే ఇంకో సంగతి. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా కొడగు స్థానికులైన కొడవల క్యాలెండర్లో కక్కడ నెల. నాట్ల పని, ఎడతెగని వాన. ఆ నెల పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు 3న, మద్దు తొప్పు అనే మందాకు ఉడికించిన రసంతో పాయసం చేస్తారు. ఆ రోజుకల్లా ఆ ఆకులోకి పద్దెనిమిది రకాల మందులు వచ్చి చేరతాయని వాళ్ల నమ్మకం. మేమున్న ఇంటి ఆంటీ గిన్నెలో వడ్డించింది, నేరేడుపండు రంగు. ఘాటైన ఆకు వాసన, దాని మీద నెయ్యి, తేనె. రుచి నాకు రెండో గరిటకు అలవాటైంది. తినేశాక ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి, రేపు పొద్దున బాత్రూంలో ఎర్రగా కనిపిస్తే కంగారు పడొద్దని, మీవారికి కూడా చెప్పమని గుసగుసగా అంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే మేం నేరుగా ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లం.

తిండి విషయంలో మూడు దారుల్లో మడికేరికి సాటి లేదు. వానలకు మొలిచే వెదురు కొమ్ముల కూర, పుట్టగొడుగులు, కడంబుట్టు అనే బియ్యపు రవ్వ ఉండలు. పంది మాంసం తినేవాళ్లకు కాచంపుళి పులుపు వేసి వండిన పంది కూర. శాకాహారులమని ముందే చెబితే ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు, పట్నపు హోటళ్లలో ఆ రుచి రాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. తోటలో నడిస్తే జలగలు పడతాయి, ఉప్పు పొట్లం జేబులో ఉంచుకోండి. కరెంటు, సిగ్నల్ రెండూ ఒకేసారి పోతాయి. 2018 ఆగస్టులో కొడగులో కొండలు విరిగిపడి ఊళ్లకు ఊళ్లే దెబ్బతిన్నాయి, 2020 ఆగస్టులో కావేరి పుట్టే తలకావేరి దగ్గర బ్రహ్మగిరి కొండ జారింది. అందుకే గట్టి వానల్లో తలకావేరి, భాగమండల పెట్టుకోకండి. భాగమండల సంగమం దగ్గర నీళ్లు రోడ్డెక్కడం అక్కడివాళ్లకు మామూలు విషయం. మంగళూరు వైపు సంపాజె ఘాట్ కూడా అంతే. మనం వచ్చిన మైసూరు వైపు రోడ్డు మాత్రం పెద్ద ఘాట్ లేనిది, ఎక్కువ రోజులు తెరిచే ఉంటుంది. రెండో దారి ప్రశ్నకు మడికేరి ఇచ్చే జవాబు అది.

తిరుగు ప్రయాణంలో ఒక రోజు మిగిలితే సకలేశ్‌పుర వైపు వెళ్లి, టిప్పు 1792లో కట్టించిన మంజరాబాద్ కోట చూడండి. ఎనిమిది కోణాల నక్షత్రం ఆకారం. కానీ నక్షత్రం పై నుంచి చూస్తేనే తెలుస్తుంది, లోపల తిరిగేవాళ్లకు గోడలు, గడ్డి, జారుడు మెట్లు.

కూనూరు, కోటగిరి, ఊటీ: భయస్తులకు, పెద్ద వయసువాళ్లకు

ఊటీ పేరు వినగానే మా తరానికి హనీమూన్, పడవ షికారు గుర్తొస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి అది వేసవి రాజధాని. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాల ఫైళ్లు కూడా ఒకప్పుడు ఎండాకాలంలో ఆ కొండెక్కేవి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1822లో అక్కడ స్టోన్ హౌస్ కట్టడం మొదలుపెట్టాడు. అంతకు ముందే 1819లో కోటగిరి దగ్గర కన్నేరిముక్కులో ఆయన వేసుకున్న బంగళా ఇప్పటికీ ఉంది, చిన్న మ్యూజియంగా. ఊటీ జనంలో పడి నలగడం కంటే ఆ బంగళా చూడటం మేలు.

మడికేరికి పోయే దారిలో శ్రీరంగపట్నం దాటుతారన్నాను కదా, దీనికీ అదే దారి. అక్కడ ఆగి టిప్పు కోట శిథిలాలు చూసి, ఊటీలో సెయింట్ స్టీఫెన్స్ చర్చికి వెళ్లి పైకప్పు వైపు తలెత్తండి. 1830లో ప్రతిష్ఠించిన ఆ చర్చి దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు భవనం నుంచి విప్పుకొచ్చినవి, ఏనుగులతో కొండెక్కించారు. బయట తుంపర, లోపల టేకు వాసన, మేం తప్ప ఎవరూ లేరు.

నీలగిరి రైలు మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీదాకా 1908లో వచ్చింది. 46 కిలోమీటర్లు, 2005 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. కారులో వెళ్లినవాళ్లు మొత్తం ఎక్కనక్కర్లేదు. కారు కూనూరు స్టేషన్ దగ్గర పెట్టి, ఊటీదాకా వెళ్లి రండి, ఒక వైపుకు గంటా గంటన్నర పడుతుంది. టికెట్లు ముందే కొనాలి. కిటికీ పక్క సీటు కోసం మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడం ఆ రైల్లో ఆనవాయితీ అనుకుంటాను, మా ముందు వరసలోనూ అదే జరిగింది.

జులై, ఆగస్టుల్లో కూనూరు చల్లగా, తేలికైన తుంపరతో, టీ తోటల మధ్య నడవగలిగేలా ఉంటుంది. ఘాట్ భయం ఉన్నవాళ్లకు, మోకాళ్ల నొప్పులవాళ్లకు నా ఓటు దీనికే. కొండెక్కడానికి మేట్టుపాళయం నుంచి కూనూరు మీదుగా ఒకటి, కోటగిరి మీదుగా ఇంకొకటి, రెండు రోడ్లున్నాయి. ఒకటి మూస్తే రెండోది.

నియమాలు కొన్ని ఉన్నాయి: నీలగిరుల్లోకి వెళ్లే బండికి తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ ముందే తీసుకోవాలి, 2024 మే నుంచి అది తప్పనిసరి. మైసూరు నుంచి ఊటీకి వెళ్లే దారిలో బండిపూర్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బళ్లను వదలరు, మైసూరులో దోసెలు తింటూ కూర్చుంటే గేటు మూసేస్తారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చెక్‌పోస్టులో పట్టుకుంటారు, స్టీలు సీసా పెట్టుకోండి. మసినగుడి నుంచి కల్హట్టి ఘాట్ ముప్పై ఆరు హెయిర్‌పిన్ మలుపులు, బయటి బళ్లకు ఆంక్షలున్నాయి. ఉత్సాహం చూపించకండి.

ఒక మాట మాత్రం చెప్పాలి. వాన కోసమే వెళ్లేవాళ్లకు కూనూరు వాన సరిపోదు. మాకు సరిపోలేదు.

కారు సంగతి

టైర్ల గాడులు అరిగిపోయి ఉంటే ఏ దారీ వద్దు. వైపర్ బ్లేడ్లు బయల్దేరే ముందే మార్చేయండి. మాది వాయి, పంచ్‌గని మధ్య ఉన్న పసర్ణి ఘాట్ మధ్యలో చిరిగి, అద్దం మీద విల్లులా గీత గీస్తూ పోయింది. ఆ గీత పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి తొంగిచూస్తూ నడిపాను.

లోపలి అద్దానికి ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోకండి. ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదికి తిప్పండి, లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేయండి, నిమిషంలో పోతుంది. "చలిగా ఉంటే ఏసీ ఏంటి?" అని పక్క సీటు నుంచి గొణుగుడు వినిపిస్తుంది. వినకండి. మంచులో నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయడం మనవాళ్లకు అలవాటు, దాంతో మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. లైట్లు డిమ్‌లో పెట్టండి, హైబీమ్ మంచు మీద పడి మీ కళ్లలోకే కొడుతుంది. ఘాట్‌లో ఎక్కే బండికి దారివ్వాలి, దిగేటప్పుడు రెండో గేరులో దిగాలి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కే ప్లాన్ ఏదైనా ఉంటే దాన్ని కింది ఊళ్లో ఒక రాత్రి బసగా మార్చుకోండి.

మరి ఏది?

నాలుగు రోజుల సెలవు, పాత కట్టడాలంటే ఇష్టం, వాన గట్టిగానే కావాలి అనుకుంటే వాయి. జులై రెండో సగం గానీ సెప్టెంబర్ గానీ మేలు. ఆరు రోజులుండి, తిండి మీద ప్రేమ, ఊరికే కూర్చోగల ఓపిక ఉంటే మడికేరి, ఆగస్టు మొదటి వారంలో. ఘాట్లంటే గుండె దడ, లేదా ఇద్దరికీ అరవై దాటాయి అంటే కూనూరు, ఆగస్టులో.

రెండే రోజులున్నాయా? మూడింట్లో ఏదీ వద్దు. రాయలసీమలో ఉన్నవాళ్లైతే మదనపల్లె వెళ్లి హార్స్‌లీ హిల్స్ ఎక్కి రండి. 1,265 మీటర్ల ఎత్తు, దిగుతూ గుర్రంకొండ కోట చూసుకోవచ్చు. వాన పడుతుందని హామీ ఇవ్వలేను, అది రాయలసీమ.

ఎటు వెళ్లినా గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: దుప్పట్లు ఎక్కడ ఆరబెడతారు, కరెంటు పోతే వేడినీళ్లు ఎలా ఇస్తారు. మొదటిదానికి అవతలివాళ్లు ఒక్క క్షణం తడబడ్డారంటే ఇంకో చోటు చూసుకోండి. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తామన్నవాళ్ల దగ్గర కళ్లు మూసుకుని దిగొచ్చు. అయినా సరే, కారు డిక్కీలో రెండు చద్దర్లు ఉండనివ్వండి.